చింతపడడం పాపమైతే ప్రతి రాత్రీ నేను పాపం చేస్తున్నట్టేనా?

తెల్లవారుజాము

మా అబ్బాయికి మూర్ఛ వ్యాధి ఉంది. వాడికిప్పుడు 19 ఏళ్లు. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటాడు, చాలావరకు అదుపులోనే ఉంది, కానీ ఏడాదిలో రెండు మూడుసార్లు నిద్రలోనే వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు వాడి మంచం గోడకు కొట్టుకున్న చప్పుడుకు నేను లేచాను. ఆ రాత్రి గడిచి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నేను ఒళ్లు మరిచి నిద్రపోయిన రాత్రులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గోడ అవతల ఏ చిన్న అలికిడి అయినా లేచి వెళ్లి, వాడి ఊపిరి విని, తిరిగి వస్తాను.

గత నెల ప్రార్థన కూడికలో ఈ సంగతి చెప్పుకుంటే, ఒక పెద్దావిడ నా చేయి పట్టుకొని, "చింతపడడమంటే దేవుణ్ణి నమ్మకపోవడమేనమ్మా, అది పాపం, ముందు దాన్ని ఒప్పుకో" అన్నారు. ప్రేమతోనే అన్నారు, ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ ఆనాటి నుంచి నాకు ఒక చింతకు రెండు చింతలయ్యాయి. బిడ్డకు ఏమవుతుందోనన్నది పాతది, ఇలా చింతపడుతున్నందుకు దేవునికి నా మీద కోపం వస్తోందేమోనన్నది కొత్తది.

"చింతింపకుడి" అన్నది ఆజ్ఞే అయితే దాన్ని ఎలా పాటించాలి? దొంగిలవద్దంటే చేతిని ఆపుకోగలను. రాత్రి రెండు గంటలకు గుండె దడదడలాడితే దాన్ని ఆపడం నా చేతిలో ఉందా? దయచేసి వచనాల సంఖ్యలు మాత్రం రాసి వెళ్లిపోకండి, అవన్నీ నాకు కంఠతా వచ్చు.

కట్టడల_బాట

మీ కష్టం అర్థమవుతోంది సహోదరీ, అయినా వాక్యాన్ని పలచన చేసి చెబితే మీకు మేలు జరగదు. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు సలహా ఇవ్వలేదు, ఆజ్ఞాపించాడు. చింతపడేవారిని "అల్పవిశ్వాసులారా" అని పిలిచింది కూడా ఆయనే. ఆ పెద్దావిడ చెప్పినది కఠినంగా వినిపించి ఉండవచ్చు, కానీ తప్పు చెప్పలేదు.

వార్డు_నర్సు

నేను 22 ఏళ్లుగా రోగుల మధ్య పని చేస్తున్నాను. నిద్రలో మూర్ఛ వచ్చే బిడ్డ ఉన్న తల్లి చెవి ఒగ్గి పడుకోవడాన్ని అవిశ్వాసమని నేను అనలేను. దాన్ని మేము కనిపెట్టి చూడడం అంటాము. దానికీ చింతకూ మధ్య గీత ఎక్కడ ఉందన్నది వేరే ప్రశ్న, అది తప్పకుండా అడగవలసిన ప్రశ్నే, కానీ ముందుగా ఆమె చేస్తున్న పనిని పాపం అనకండి.

పదాల_వేట

వార్డు నర్సుగారు అడిగిన గీత బైబిలులోనే ఉంది, కాకపోతే ఒకే మాటలో దాగి ఉంది. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపికపట్టి చదవండి.

మత్తయి 6:25 నుంచి 34 వరకు "చింతించు" అన్నచోటల్లా గ్రీకులో ఉన్న క్రియ మెరిమ్నావో. ఆ పది వచనాలలో అది ఆరుసార్లు వస్తుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:6లో "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్నప్పుడు పౌలు వాడినదీ ఇదే. అయితే అదే పత్రిక 2:20లో తన సహచరుడు తిమోతిని మెచ్చుకుంటూ, మీ క్షేమం కోసం అతనిలాగా నిజంగా చింతించేవాడు నా దగ్గర మరొకడు లేడని పౌలు రాశాడు. అక్కడా ఇదే క్రియ. ఒకే ఉత్తరంలో, రెండు అధ్యాయాల దూరంలో, ఒకచోట మెప్పుగానూ మరొకచోట మానుకోవలసినదిగానూ ఒకే మాట కనబడుతోంది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 11:28లో తన శ్రమలన్నీ చెప్పుకొని, చివరన సంఘాలన్నిటిని గూర్చిన చింత కూడా రోజూ తన మీద ఉందని పౌలే అంటాడు. దాన్ని పాపంగా ఒప్పుకోవడం లేదు, అపొస్తలుడిగా తాను మోస్తున్న భారాలలో ఒకటిగా లెక్కపెడుతున్నాడు.

కాబట్టి ఒకరి క్షేమం మనసులో మెదలడమే తప్పు అయితే తిమోతి కూడా తప్పు చేసినట్టే. మత్తయి 6లో ప్రభువు వద్దంటున్నది ఏమిటో ఆ వచనాలే చెబుతున్నాయి: మనకు తండ్రి లేనట్టు, రేపటి దినమంతా మన చేతి మీదే నిలిచి ఉన్నట్టు బతకడం. "ఇవన్నియు మీకు కావలెనని మీ పరలోకపు తండ్రికి తెలియును" అన్న మాటే ఆ భాగానికి కీలకం. ఆ మాటను తీసేస్తే మిగిలేది ఉత్త గద్దింపు. తెల్లవారుజాముగారికి జరిగినది అదేననిపిస్తోంది, ఆజ్ఞను అందించారు కానీ తండ్రిని అందించలేదు.

కట్టడల_బాట

పదాల వేటగారూ, మాటల వివరణ బాగుంది. కానీ "అల్పవిశ్వాసులారా" అన్న మాటకు మీరు జవాబు చెప్పలేదు.

ఒడ్డున_దీపం

దానికి నేను ప్రయత్నిస్తాను. మత్తయి సువార్తలో ఆ పిలుపు నాలుగుచోట్ల ఉంది: 6:30, 8:26, 14:31, 16:8. నాలుగుసార్లూ శిష్యులనే అలా పిలిచాడు. బయటివారినిగానీ, ఎదిరించినవారినిగానీ ఒక్కసారి కూడా అలా పిలవలేదు. అంటే అది ఇంటివారిని పిలిచే పిలుపు. వారిలో విశ్వాసం లేదనడం లేదు, కొంచెమే ఉందంటున్నాడు.

ఇక 14:31ని నెమ్మదిగా చదవండి. పేతురు మునిగిపోతూ కేక వేశాడు. యేసు వెంటనే చెయ్యి చాపి అతణ్ణి పట్టుకొన్నాడు, ఆ తరువాతే "అల్పవిశ్వాసీ, యెందుకు సందేహపడితివి" అన్నాడు. ముందు చెయ్యి, తరువాత మాట. నీళ్లలో మునుగుతున్నవాడికి ఒడ్డున నిలబడి చేసిన ప్రసంగం కాదది. మనం ఒకరినొకరు గద్దించుకునేటప్పుడు ఈ వరుస తరచుగా తారుమారవుతుంది.

జల్లు_వేళ

చితకూ చింతకూ సున్న ఒక్కటే తేడా అని మా నాన్నగారు అనేవారు. చిత చచ్చినవారిని కాలిస్తే, చింత బతికినవారిని కాలుస్తుంది. ప్రభువు వద్దన్నది మనం కాలిపోకూడదనే కదా. నారు పోసినవాడు నీరు పోయడా అనుకొని దిగులు వదిలేయడమే అక్కా.

మన్నా_బుట్ట

జల్లు వేళగారు చెప్పిన సామెత నాకూ ఇష్టమే, కానీ దాన్ని ప్రభువు మాటకు బదులుగా పెట్టడానికి నాకు మనసొప్పదు. నారు పోసినవాడు ఎవరో, ఎందుకు పోశాడో ఆ సామెత చెప్పదు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న నిబ్బరం మాత్రం ఇస్తుంది. ప్రభువు చెప్పినది దానికంటె దగ్గరి సంగతి: మీ తండ్రి, మీ తల వెంట్రుకలను కూడా లెక్కపెట్టినవాడు.

ఇంకొక మాట. ఆకాశపక్షులు విత్తవు, కోయవు, నిజమే, కానీ అవి గూటిలో నోరు తెరుచుకొని కూర్చోవడం కూడా నేను చూడలేదు. పొద్దున లేచింది మొదలు అవి తిరుగుతూనే ఉంటాయి. నిర్గమకాండము 16లో, ఎడారిలో ఉన్న ఇశ్రాయేలీయులకు ఆహారంగా మన్నా ఆకాశం నుంచి కురిసింది, కానీ నేరుగా ఎవరి గిన్నెలోనూ కురవలేదు, తెల్లవారగానే బయటికి వెళ్లి ఏరుకోవలసి వచ్చింది. మనిషికి ఒక ఓమెరు (అప్పటి కొలత) చొప్పున ఆ రోజుకు సరిపడా ఏరుకొన్నారు. రేపటి కోసమని దాచుకొన్నది పురుగుపట్టి కంపు కొట్టింది. అయితే ఆరవ రోజున రెండంతలు ఏరి విశ్రాంతి దినానికి ఉంచుకొన్నది మాత్రం చెడలేదు, ఎందుకంటే ఆ దాచుకోవడం దేవుడు చెప్పినది. కాబట్టి దాచుకోవడమే తప్పు కాదు, రేపు ఆయన ఉండడేమోనన్న భయంతో దాచుకోవడంలో ఉంది తప్పు. 40 సంవత్సరాల పాటు ప్రతి ఉదయమూ ఆ జనం నేర్చుకొన్న పాఠం ఇదేనని నేను అనుకుంటాను.

కొత్త_ద్రాక్షతిత్తి

మన్నా బుట్టగారూ, అలాగైతే జీవిత బీమా తీసుకోవడం తప్పు కాదన్నమాట. మా సంఘంలో దీని మీద రెండేళ్లుగా వాదన నడుస్తోంది.

మన్నా_బుట్ట

ఐగుప్తులో యోసేపు రాబోయే కరవు కోసం ఏడు సమృద్ధి సంవత్సరాల పంటలో ఐదవ వంతు తీసి నిలువ చేయించాడు. ఆ ఆలోచన దేవుడు ఇచ్చినదే. నెహెమ్యా 4:9లో, శత్రువుల బెదిరింపుల మధ్య యెరూషలేము గోడ కడుతున్నవారు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలి కూడా ఉంచారు. ప్రార్థన చేసి కావలి పెట్టినవాడిని అవిశ్వాసి అని ఎవరూ అనలేదు. మీ సంఘంవారికి ఆ ఒక్క వచనం చదివి వినిపించండి.

తెల్లవారుజాము

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. నెహెమ్యా కావలి పెట్టిన సంగతి నా మనసును పట్టుకొంది. కానీ ఒక మాట అడగకుండా ఉండలేకపోతున్నాను. "తండ్రికి తెలియును" అంటున్నారు. తెలిసి కూడా ఆయన ఆపకపోతే? నాకు నిద్ర పట్టనివ్వనిది సూటిగా చెప్పాలంటే ఆ ప్రశ్నే. నా స్నేహితురాలి కూతురు కూడా ప్రార్థనల మధ్యనే పోయింది.

ఐదవ_పిచ్చుక

ఈ చర్చ మొదలైన రోజు నుంచి చదువుతున్నాను, రాయాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ఈ ప్రశ్న చూశాక రాయక తప్పడం లేదు.

నా భార్య పదకొండేళ్ల క్రితం క్యాన్సరుతో చనిపోయింది. మా సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. స్వస్థత జరుగుతుందని నాకు ఖచ్చితంగా చెప్పినవారు ముగ్గురు ఉన్నారు, వారిలో ఇద్దరు సమాధి కార్యక్రమానికి రాలేకపోయారు. రావడానికి వారికి ముఖం చెల్లలేదని నాకు తరువాత తెలిసింది. వారిని నేనెప్పుడో క్షమించాను, కానీ వారు నాకు ఇచ్చిన మాట దేవుడు ఇచ్చినది కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నా పేరు ఇలా ఎందుకు పెట్టుకొన్నానో చెబుతాను. మత్తయి 10:29లో రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముతారు. లూకా 12:6లో ఐదు పిచ్చుకలు రెండు కాసులకు. లెక్క ప్రకారం రెండు కాసులకు నాలుగే రావాలి. ఐదవది కొసరు. దానికి వెల లేదు, అమ్మేవాడు ఊరికే చేతిలో పెట్టాడు. సరిగ్గా అక్కడే ప్రభువు, వాటిలో ఒక్కటైనా దేవుని యెదుట మరువబడదు అన్నాడు. వెల కట్టనిదాన్ని కూడా ఆయన మరచిపోడు. ఆమె చనిపోయిన ఏడాది నేను ఇంట్లో, సంఘంలో, పనిలో, అన్నిచోట్లా కొసరు మనిషిలాగే ఉన్నాను. ఆ వచనం చదివిన రోజు చాలాసేపు ఏడ్చాను.

అయితే జాగ్రత్తగా చూడండి, మత్తయిలో ఆ పిచ్చుక నేల పడకుండా తండ్రి పట్టుకొంటాడని లేదు. తండ్రి లేకుండా పడదు అని ఉంది. పిచ్చుక పడుతుంది. నాకు ఇష్టమున్నా లేకపోయినా వచనం అలాగే ఉంది. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నప్పుడు కూడా, ఏ నాటికైనా దాని కీడు దానికి ఉంటుందని ఆయన ఒప్పుకొనే మాట్లాడుతున్నాడు. ఆయన సంరక్షణ అంటే మనకు ఏమీ జరగకపోవడం అని నేను ఇక చెప్పలేను. జరిగినది ఆయన చేతులు దాటి జరగలేదని, ఆయన లేనిచోట జరగలేదని మాత్రం చెప్పగలను. నా భార్య చివరి రాత్రి ఊపిరి ఆడని స్థితిలో కూడా, "ఆయన ఇక్కడే ఉన్నాడు" అంది. అప్పుడు నాకు ఏమీ కనబడలేదు. ఆమెకు కనబడింది.

ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు సహోదరీ. ఉందని చెప్పేవారిని చూస్తే నాకు ఇప్పటికీ భయమే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో స్వయంగా కుమారుడైన యేసే ఆ శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు, అది తొలగలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 5:7 ఆయన మహారోదనముతోను కన్నీళ్లతోను ప్రార్థించాడని చెబుతోంది. చింత ముసిరిన రాత్రి ఎలా ఉంటుందో తెలియని దేవునితో మీరు మాట్లాడడం లేదు.

ఒడ్డున_దీపం

ఐదవ పిచ్చుకగారూ, మీరు రాయడం మంచిదయింది. నేను ఇంతకుముందు రాసినదంతా దీని ముందు చిన్నదిగా కనబడుతోంది.

పాత_సాక్షి

జార్జ్ ముల్లర్ సంగతి ఇక్కడ ఒకటి చెప్పాలి. 1836లో బ్రిస్టల్‌లో అనాథ పిల్లలకు ఆశ్రమం తెరిచి, మనుష్యులను సొమ్ము అడగకుండా దేవునినే అడుగుతూ నడిపించినవాడిగా ఆయనను మన ప్రసంగాలలో తరచుగా తలుస్తారు. ప్రార్థనకు జవాబుగా వచ్చినవాటి సంగతులే మనం వింటుంటాము. అయితే 1870లో ఆయన భార్య మేరీ చనిపోయింది. ఆమె అంత్యక్రియల ప్రసంగం ఆయనే చేశాడు, ఎత్తుకొన్న వచనం కీర్తన 119:68, "నీవు దయాళుడవై మేలు చేయుచున్నావు". అడిగినది దొరికిన రోజున ఆ వచనం చదవడం ఎవరికైనా తేలికే. ఆయన చదివినది భార్యను పోగొట్టుకొన్న దుఃఖంలో.

జమాఖర్చులు కూడా ఆయన ఎంతో శ్రద్ధగా రాసి, వచ్చిన ప్రతి కానుకకూ లెక్క చెప్పేవాడు. నమ్మిక ఉంది కదా అని లెక్కలు మానేయలేదు. మన్నా బుట్టగారు చెప్పినదానికి ఇదొక ఉదాహరణ.

సగం_వెలుతురు

ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి నాది. తెల్లవారుజాముగారి చింతకు కారణం ఉంది. నాకు కారణమే ఉండదు. అంతా బాగున్న రోజున కూడా ఛాతీ బిగుసుకుపోతుంది, చేతులు చల్లబడతాయి. మోకాళ్ల మీద గంటలు గంటలు గడిపాను. చివరికి వైద్యుని దగ్గరికి వెళితే అది ఆందోళన వ్యాధి అన్నారు, మందు ఇచ్చారు. ఇప్పుడు చాలా నయంగా ఉంది. కానీ మందు వేసుకుంటున్న సంగతి సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నా సాక్ష్యం చెడిపోతుందని భయం.

వార్డు_నర్సు

మందు మానకండి. మానాలనుకున్నా మీ వైద్యుని అడగకుండా మీ అంతట మీరు ఆపకండి. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, ఇంకా బలంగా ప్రార్థించమని రాయలేదు. గుండెకు మందు వేసుకునేవారి విశ్వాసాన్ని ఎవరూ కొలవడం లేదు కదా, మెదడుకు మందు వేసుకునేవారి విశ్వాసాన్ని మాత్రం ఎందుకు కొలవాలి?

పాత_సాక్షి

సగం వెలుతురుగారూ, ఇంగ్లండు బోధకుడు చార్లెస్ స్పర్జన్ జీవితం చదవండి. 1856 అక్టోబరులో, ఆయనకు 22 ఏళ్ల వయసులో, లండన్‌లోని ఒక పెద్ద సంగీత సభాశాలలో ఆయన ఆరాధన నడిపిస్తుండగా ఎవరో నిప్పు అంటుకొందని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆ తరువాత ఆయన మనసు ఎంతగా కుంగిందంటే తిరిగి ప్రసంగించగలడా అని దగ్గరివారు భయపడ్డారు. జీవితమంతా ఆ కుంగుబాటు వస్తూ పోతూనే ఉంది, తాను తర్ఫీదు ఇచ్చిన యువ బోధకులకు దాన్ని దాచకుండా చెప్పాడు. వేలమందికి దేవుని సంరక్షణ గురించి బోధించిన నోరు అదే. మీ సాక్ష్యం చెడిపోలేదు.

1 రాజులు 19లో చనిపోవాలని కోరుకొన్న ఏలీయాను దేవదూత గద్దించలేదన్నది కూడా గుర్తుంచుకోండి. రొట్టె పెట్టాడు, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. హోరేబు కొండ మీద మాట్లాడడం ఆ తరువాతి సంగతి.

సగం_వెలుతురు

ఇది చదివి మా అక్కకు ఫోను చేసి చెప్పాను. మొదటగా తెలిసిన మనిషి ఆమే.

జల్లు_వేళ

కొంచెం తేలిక మాట ఒకటి చెప్పవచ్చా? మా అన్నయ్య కూతురికి నాలుగేళ్లు. తమ్ముడికి జ్వరంగా ఉన్న రాత్రి అది చేసిన ప్రార్థన ఇది: "దేవా, నువ్వు పడుకో, మా అమ్మ మేలుకొనే ఉంటుంది." అందరమూ నవ్వాము, వాళ్లమ్మ మాత్రం ఏడ్చింది. కీర్తన 121లో కునుకడు నిద్రపోడు అన్నది ఎవరిని గురించో ఇంట్లో తారుమారయిందని ఆమెకు ఆ క్షణం అర్థమైందట.

తెల్లవారుజాము

జల్లు వేళగారూ, నేనూ నవ్వాను, ఆ తరువాత మీ వదినగారిలాగే అయ్యాను. ఆరేళ్లుగా నేను చేస్తున్న ప్రార్థన అదే, పైకి అనలేదు, అంతే.

ఐదవ పిచ్చుకగారూ, మీరు జవాబు లేదని చెప్పినందుకు కృతజ్ఞతలు. ఎందుకో తెలియదు కానీ, జవాబులన్నిటికంటె అదే నన్ను కొంచెం నిలబెట్టింది.

ఇక పనికి వచ్చే మాట అడుగుతాను. రాత్రి రెండు గంటలకు నేను లేచి కూర్చున్నప్పుడు ఏం చేయాలి? "ఆయన మీద వేయండి" అంటారు. వేయడం అంటే చేతులతో ఏం చేయడం?

పదాల_వేట

ఈ ప్రశ్నకు 1 పేతురు 5:7 దగ్గరే ఆగాలి. "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి." మన తెలుగు బైబిలు రెండుచోట్లా చింత అన్న మాటే వాడింది. గ్రీకులో మాత్రం రెండు వేరువేరు మాటలున్నాయి. మనది మెరిమ్న, నిద్ర చెడగొట్టే చింత. ఆయనది మెలెయ్, అంటే ఆయనకు పట్టింపు ఉంది, మీ సంగతి ఆయనకు ముఖ్యం అని. ఆయన మనలాగా కంగారుపడడం లేదు. అయినా తెలుగు అనువాదం అంటే నాకు ప్రేమే, మీ చింత ఇక ఆయన చింత అయిందని చెవికి వినిపిస్తుంది.

వేయుడి అన్న క్రియ కొత్త నిబంధనలో మరొక్కచోటే ఉంది, లూకా 19:35లో. శిష్యులు తమ బట్టలు గాడిదపిల్ల మీద వేసిన సందర్భం. ఒంటి మీదిది తీసి మరొక వీపు మీద వేయడం, అంతే. అదీగాక గ్రీకు వాక్యంలో అది విడి ఆజ్ఞ కాదు, ముందటి వచనంలోని "దీనమనస్కులై యుండుడి"కి అతుక్కొని ఉంది. ఆయన బలమైన చేతి కింద తగ్గి ఉండడమంటే ఏమిటో చెబుతూ, మీ చింతను ఆయన మీద వేస్తూ తగ్గి ఉండండి అంటున్నాడు పేతురు. ఇది నేను మోయగలిగినది కాదు అని ఒప్పుకోవడమే ఆ తగ్గింపు. మీరు ఒప్పుకోవలసినది ఏదైనా ఉంటే అది ఇదేననుకుంటాను, పాపాన్ని ఒప్పుకోవడం వేరు, బలం చాలదని ఒప్పుకోవడం వేరు.

మన్నా_బుట్ట

నా పద్ధతి చెబుతాను, మీకు కుదిరితేనే తీసుకోండి. భయాన్ని దాని పేరుతో పిలుస్తాను. "ప్రభువా, నాకు భయంగా ఉంది" అని ఆపేయను. "ఈ రాత్రి ఫలానాది జరుగుతుందేమోనని భయంగా ఉంది" అని పూర్తి వాక్యం పలుకుతాను. ఫిలిప్పీయులు 4:6లో చింతకు ఎదురుగా పౌలు పెట్టినది మౌనం కాదు, విన్నపం. ఆ విన్నపంలో కృతజ్ఞత కూడా కలపమన్నాడు కాబట్టి, నిన్నటి రాత్రి గడిచినందుకు కూడా చెబుతాను. గుండె దడ వెంటనే తగ్గదు. కొన్నిసార్లు అసలు తగ్గదు. కానీ ఆ మాట ఇక గదిలో తిరుగుతూ ఉండదు, ఒకరికి చేరింది.

వార్డు_నర్సు

నాది చేతులతో చేసే పని. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, ఎంతసేపు ఉందో గడియారం చూసి రాసుకోవడం మీకు తెలిసే ఉంటుంది. ఐదు నిమిషాలు దాటితే ఆలస్యం చేయకుండా అత్యవసర సహాయం పిలవాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి వాడి తలుపుకు అంటించండి, ఇంట్లో అందరికీ నేర్పండి. రాత్రిపూట మూర్ఛను కనిపెట్టి మోగే పరికరాలు కూడా ఉన్నాయి, మీ అబ్బాయికి పనికివస్తాయో లేదో వాడి వైద్యుని అడగండి. ఆరేళ్లుగా ఈ కావలి మీ ఒక్కరి మీదే ఎందుకు ఉందో నాకు అర్థం కావడం లేదు.

ఒడ్డున_దీపం

వార్డు నర్సుగారి చివరి వాక్యం మీద నేనూ నిలబడతాను. "చింతింపకుడి" అన్నది బహువచనం. ప్రభువు ఒంటరిగా మంచం మీద కూర్చున్న ఒక మనిషితో చెప్పలేదు, కొండ మీద కూర్చున్న గుంపుతో చెప్పాడు. గలతీయులు 6:2లో ఒకరి భారాలను ఒకరు మోయమన్న పౌలు, మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వారే మోసుకోవాలన్నాడు. అక్కడ గ్రీకులో రెండు వేరువేరు మాటలున్నాయని పదాల వేటగారికి తెలిసే ఉంటుంది. ఎవరి పూచీ వారిదే, కానీ నడుము విరిచే భారం ఒక్కరిది కాకూడదు. తండ్రి సంరక్షణ చాలాసార్లు మరొక మనిషి కాళ్ల మీదే మన గుమ్మంలోకి నడిచి వస్తుంది. యాకోబు 2:16 చెప్పేది కూడా ఇదే: చలితో ఆకలితో ఉన్నవారిని చూసి వెచ్చగా ఉండండి, తృప్తిపొందండి అని చెప్పి పంపేస్తే ఏమి ప్రయోజనం? "చింతపడకమ్మా" అన్న మాట కూడా, వెంట ఏమీ తీసుకురాకపోతే, అలాంటిదే అవుతుంది.

కట్టడల_బాట

రెండు రోజులుగా ఏమీ రాయలేదు, చదువుతూ ఉన్నాను. ఆజ్ఞ అన్న మాటను నేను వెనక్కి తీసుకోను. ప్రభువు ఆజ్ఞాపించాడు, ఆయన ఆజ్ఞాపించినదాన్ని కేవలం ఓదార్పు అనడం నాకు సరికాదనిపిస్తుంది. కానీ సహోదరీ, మొదటి రోజు మీకు రాసినప్పుడు నేను ఒడ్డునే నిలబడి రాశాను. అందుకు క్షమించండి.

ఇది కూడా చెప్పాలి. మా నాన్నగారికి మతిమరపు వ్యాధి ముదిరింది. రాత్రివేళ తలుపు తీసుకొని వెళ్లిపోతారేమోనని నేను తాళం చెవి దిండు కింద పెట్టుకొని పడుకుంటాను, నిద్ర పట్టక దాన్ని తడుముకుంటూ ఉంటాను. దాన్ని చింత అని నేనెప్పుడూ పిలవలేదు, బాధ్యత అనుకున్నాను. మీరు మీ అబ్బాయి ఊపిరి వినడాన్ని మాత్రం పాపమన్నాను. ఈ రెండు కొలతలు నాకెక్కడివో నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను.

ఐదవ_పిచ్చుక

కట్టడల బాటగారూ, మీ నాన్నగారి కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను. మీ కోసం కూడా.

తెల్లవారుజాము

కట్టడల బాటగారూ, క్షమించవలసినంత ఏమీ లేదు. ఆ తాళం చెవి సంగతి నాకు బాగా తెలుసు.

నిన్న మా ఆయనతోనూ, ఆడపడుచుతోనూ కూర్చొని మాట్లాడాను. ఇంతకాలం నేనే ఎవరినీ దగ్గరికి రానివ్వలేదని అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు అడిగినా నువ్వే వద్దన్నావు అని మా ఆయన అన్నారు. అది నిజమే. నేను కాకపోతే ఎవరూ సరిగా వినలేరనుకొన్నాను, దేవుడితో సహా. కాగితం రాసి తలుపుకు అంటించాము. మా అబ్బాయి అది చూసి, "అమ్మా, ఐదు నిమిషాలు దాటితే అన్నచోట గీత గీయి, కనబడాలి కదా" అన్నాడు. వాడికి నాకంటె ధైర్యం ఎక్కువ.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. లేవబోయి, ఆ రాత్రి వంతు మా ఆయనదని గుర్తొచ్చి, మంచం మీదే కూర్చొని మన్నా బుట్టగారు చెప్పినట్టు పూర్తి వాక్యం పలికాను. అది పలకడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే ఆ మాటను నేను ఇంతవరకు నోటితో ఎప్పుడూ అనలేదు. భయం పోలేదు. కానీ మళ్లీ పడుకొన్నాను, కళ్లు తెరిచేసరికి ఐదున్నర అయింది.

శని, ఆదివారాల రాత్రులు మా ఆడపడుచు వంతు.

వార్డు_నర్సు

పరికరం సంగతి వైద్యుని అడగడం మరచిపోకండి. వాడికి మూర్ఛ వచ్చిన తేదీలు, వేళలు, ఎంతసేపు ఉన్నదీ రాసుకొన్న పుస్తకం కూడా వెంట తీసుకువెళ్లండి.

తెల్లవారుజాము

మంగళవారం వెళుతున్నాము. పుస్తకం సంచిలో పెట్టేశాను.